మూగ్ కాదు, మోగ్: శబ్దానికి నిచ్చెన కట్టిన ఇంజినీరు జీవితం



పోయిన వేసవి సెలవుల్లో బళ్ళారిలోని మా సంఘం గదిలో ఒక చిన్న సంగతి జరిగింది. మా వీధిలో ఉండే కుర్రవాడు, పీయూసీ రెండో ఏడు చదువుతున్నాడు, నన్ను తాతయ్యా అని పిలుస్తాడు. ఇంట్లో చోటు చాలడం లేదని, ఆదివారం తెలుగు తరగతి జరిగే పెద్ద బల్ల మీద పని చేసుకుంటానని అడిగాడు. సరే అన్నాను. ఒక అట్టపెట్టె తెచ్చి విప్పాడు. లోపల అరచేయంత ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డు, చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లలో రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు, తిప్పే నాబులు ఉన్నాయి. ఇదేమిట్రా అంటే, ఎలక్ట్రానిక్ సంగీత వాద్యం, దీన్ని సింథసైజర్ అంటారు, విడిభాగాలు కొనుక్కుని మనమే సోల్డరింగ్ చేసుకోవాలి అన్నాడు.

నాకు ఎలక్ట్రానిక్స్ రాదు. ముప్పై ఏళ్ళకు పైగా ఆఫీసులో గుమాస్తాగా పని చేసినవాణ్ణి కాబట్టి జాబితా చూసి టిక్కు పెట్టడం మాత్రం బాగా వచ్చు. భూతద్దం పెట్టుకుని రెసిస్టర్ల మీది రంగు గీతలు చదివి, వాడు చెప్పినట్టు లెక్క సరిచూశాను. గోధుమ, నలుపు, ఎరుపు అయితే వెయ్యి ఓములు. గోధుమ, నలుపు, నారింజ అయితే పదివేలు. రెండు ఆదివారాలు పట్టింది. చివరికి బ్యాటరీ పెట్టి స్విచ్ వేస్తే చప్పుడు లేదు. వాడి ముఖం చిన్నబోయింది. మళ్ళీ ఒక్కొక్క అతుకూ చూసుకుంటూ వస్తే ఒకచోట సోల్డర్ పైపైన గడ్డకట్టింది కానీ కాలికి అంటుకోలేదు. అక్కడ మళ్ళీ వేడి తగిలించగానే స్పీకరులోంచి నాదస్వరానికి శ్రుతి పెట్టే ఒత్తు లాంటి శబ్దం వచ్చింది. గదిలో ఉన్న పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

కిట్టుతో వచ్చిన కాగితంలో ఒక పేరు కనిపించింది. నేను మూగ్ అని చదివాను. మూగ్ కాదు తాతయ్యా, మోగ్ అనాలి అని వాడు దిద్దాడు. ఆ కుటుంబంవాళ్ళు తమ పేరును అలాగే పలుకుతారట. నాకు నవ్వు వచ్చింది. మన భాషలో మూగ అంటే మాట లేనిది, మోగు అంటే శబ్దం చేయి. ఒక్క అచ్చు మారితే అర్థం తలకిందులు అవుతుంది. ఆ పేరుగల మనిషి ఎవరా అని తెలుసుకుంటూ పోతే, మన ఇళ్ళలోని పిల్లలూ పెద్దలూ తెలుసుకోదగ్గ జీవితం అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

అమ్మ పియానో, నాన్న పనిముట్లు

రాబర్ట్ మోగ్ 1934 మే 23న న్యూయార్క్ నగరంలో పుట్టారు. క్వీన్స్ ప్రాంతంలోని ఫ్లషింగ్‌లో పెరిగారు. తండ్రి విద్యుత్ కంపెనీలో ఇంజినీరు. ఇంటి కింది గదిలో ఆయనకు సొంత పనిముట్లు, రేడియో సామాను ఉండేవి. తల్లికి కొడుకు పియానో విద్వాంసుడు కావాలని కోరిక. రోజూ కూర్చోబెట్టి సాధన చేయించేది. పిల్లవాడి మనసు మాత్రం కింద నాన్న బల్ల మీదే ఉండేది. చివరికి ఇద్దరి చదువూ వృథా పోలేదు. వేళ్ళకు సంగీతం తెలుసు, చేతులకు సోల్డరింగ్ ఐరన్ తెలుసు.

1949 ప్రాంతంలో, పదిహేనేళ్ళ వయసులో, ఒక పత్రికలో వచ్చిన పటం చూసి థెరమిన్ అనే వాద్యాన్ని తయారు చేశారు. దీన్ని 1920 ప్రాంతంలో రష్యాకు చెందిన లెవ్ థెరమిన్ కనిపెట్టారు. దీన్ని ముట్టుకోకుండానే వాయించాలి. లోపల రెండు ఆసిలేటర్లు మన చెవికి అందనంత వేగంగా కంపిస్తుంటాయి. వాద్యం దగ్గరికి చెయ్యి తెస్తే ఒకదాని వేగం కొంచెం మారుతుంది. ఆ రెండింటి మధ్య తేడాయే మనకు స్వరంగా వినబడుతుంది. మెట్లు, తీగలు ఏమీ లేవు కాబట్టి స్వరం ఒక చోటినుంచి మరో చోటికి జారుతూ పోతుంది. గమకం ఎరిగిన మన చెవికి ఇది కొత్తగా తోచదు.

ఆయన బ్రాంక్స్ సైన్స్ హైస్కూల్లో చదివారు. పందొమ్మిది, ఇరవై ఏళ్ళ వయసులోనే తండ్రితో కలిసి ఇంట్లో థెరమిన్లు తయారు చేసి అమ్మడం మొదలుపెట్టారు. వాటి గురించి పత్రికకు వ్యాసం కూడా రాశారు. తరువాత క్వీన్స్ కాలేజీలో భౌతికశాస్త్రం, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసి, పరిశోధన కోసం ఇథాకాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1958లో షిర్లీ లీతో వివాహమైంది.

కిట్టు అమ్మి సంసారం

చదువు ఒకపక్క, సంసారం ఒకపక్క. 1961 జనవరిలో ఎలక్ట్రానిక్స్ వరల్డ్ పత్రికలో ట్రాన్సిస్టర్లతో థెరమిన్ ఎలా కట్టుకోవాలో ఒక వ్యాసం రాశారు. కావలసిన సామానంతా ఒక కిట్టుగా 49 డాలర్ల 95 సెంట్లకు పంపిస్తామన్నారు. చిన్న అద్దె ఇంట్లోనే మూటలు కట్టి పంపారు. సుమారు వెయ్యి కిట్లు అమ్ముడుపోయాయి. అంటే ఆ దేశంలో ఎక్కడెక్కడో వెయ్యి మంది తమ చేతులతో ఆ వాద్యాన్ని కట్టుకున్నారన్నమాట. మా సంఘం బల్ల మీద జరిగిన పనికి మూలం అక్కడే ఉంది.

ఆ కిట్ల వల్లనే ఆయన జీవితం మలుపు తిరిగింది. 1963 చివరలో రోచెస్టర్ పట్టణంలో సంగీత ఉపాధ్యాయుల సభ జరిగింది. మోగ్ తన థెరమిన్లు పెట్టుకుని కూర్చున్నారు. హాఫ్‌స్ట్రా విశ్వవిద్యాలయంలో సంగీతం బోధించే హెర్బర్ట్ డాయిచ్ వచ్చి పలకరించారు. ఆయన అప్పటికే మోగ్ కిట్టుతో థెరమిన్ తయారు చేసుకుని విద్యార్థులకు చూపిస్తున్నారు. అప్పట్లో ఎలక్ట్రానిక్ సంగీతం అంటే టేపు మీద శబ్దాలు రికార్డు చేసి, ముక్కలు కోసి, అతికించుకోవడమే. కొన్ని నిమిషాల పాటకు నెలలు పట్టేది. కొలంబియాలో 1957లో పెట్టిన ఆర్సీఏ సింథసైజర్ ఒక గదినంతా ఆక్రమించేది. మామూలు సంగీతకారుడికి అందే వస్తువు కాదు. చేతికి అందే వాద్యం ఒకటి కావాలని డాయిచ్ కోరిక.

1964 వేసవిలో డాయిచ్ ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊరికి వచ్చారు. మోగ్ దుకాణం అక్కడే. సంగీతం తెలిసినవాడు ఏం కావాలో చెబుతుంటే ఇంజినీరు బల్ల మీద కట్టి చూపించాడు. స్వరం మొదలయ్యే క్షణం యంత్రానికి తెలియడానికి ఇంటి తలుపు గంట బటన్ ఒకటి తెచ్చి పెట్టారట. గొప్ప పనులు ఎక్కువగా ఇలాగే దగ్గర్లో దొరికిన సామానుతో మొదలవుతాయి. అదే ఏడు అక్టోబరులో న్యూయార్క్‌లో ఆడియో ఇంజినీర్ల సభలో ఆ పెట్టెలను చూపిస్తే అక్కడికక్కడే ఆర్డర్లు వచ్చాయి. 1965లో డాక్టరేట్ కూడా చేతికి వచ్చింది.

వోల్టు లెక్క

ఆయన చేసిన పని ఏమిటో కుర్రవాడు నాకు అర్థమయ్యేలా చెప్పాడు. మీకూ చెబుతాను.

శబ్దం పుట్టించేది ఆసిలేటర్. దాని శ్రుతిని చేత్తో నాబు తిప్పి మార్చడం పాత పద్ధతి. మోగ్ దానికి విద్యుత్తుతోనే ఆజ్ఞ ఇచ్చే ఏర్పాటు చేశారు. ఒక వోల్టు పెంచితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి పోతుంది. సెకనుకు 110 కంపనాలు ఉంటే 220 అవుతాయి, మరో వోల్టు పెంచితే 440 అవుతాయి. స్థాయిలో పన్నెండు స్వరస్థానాలు కాబట్టి ఒక్కో మెట్టుకు వోల్టులో పన్నెండో వంతు, అంటే సుమారు 83 మిల్లీవోల్టులు. లెక్క శుభ్రంగా ఉంది కాబట్టి ఏ పెట్టెను ఏ పెట్టెతోనైనా తీగతో కలపవచ్చు. ఈ నాటికీ కిట్లు కట్టేవాళ్ళు చాలామంది ఈ లెక్కనే పాటిస్తారు. విద్యుత్తుతో శ్రుతి మార్చడం అంతకు ముందే కెనడాలో హ్యూ లె కేన్ చేసి చూపారు. మోగ్ కాలంలోనే కాలిఫోర్నియాలో డాన్ బుక్లా కూడా విడిగా అలాంటి యంత్రం కట్టారు. మోగ్ గొప్పతనం ఆ లెక్కను సంగీతకారుల చేతికి వాద్యంగా అందించడంలో ఉంది.

రెండోది ఫిల్టర్. మనం ఆ అంటూ నెమ్మదిగా నోరు మూస్తూ ఊ అంటే గొంతు అదే, శ్రుతి అదే, కానీ రంగు మారుతుంది. పైనున్న సన్నటి కంపనాలు లోపలే ఆగిపోతాయి. ఫిల్టర్ చేసేది ఆ నోటి పనే. మోగ్ ట్రాన్సిస్టర్లను జంటలు జంటలుగా ఒకదానిపై ఒకటి నిలబెట్టి, ప్రతి జంటకూ మధ్య ఒక కెపాసిటర్ అడ్డంగా పెట్టారు. పటం మీద చూస్తే అచ్చం నిచ్చెనలాగే ఉంటుంది. పేరు కూడా నిచ్చెన ఫిల్టరే. దానికి 1969 అక్టోబరు 28న పేటెంటు వచ్చింది. ఆ ఫిల్టర్ ఇచ్చే నిండైన, మెత్తని నాదమే మోగ్ వాద్యానికి గుర్తు.

మూడోది స్వరం పుట్టి పోయే తీరు. వీణ తీగ మీటగానే నాదం గుప్పుమని లేచి మెల్లగా తగ్గుతుంది. నాదస్వరం ఊపిరి ఉన్నంతసేపూ నిలబడుతుంది. ఈ తీరును నాబులతో మార్చుకునే సర్క్యూట్ కూడా మోగ్ యంత్రంలో ఉంది. సంగీతకర్త వ్లాదిమిర్ ఉసచెవ్‌స్కీ అడిగిన కోరికలలోంచి ఇది రూపు దిద్దుకుంది. అడిగినవాళ్ళ మాట విని కట్టడం మోగ్ అలవాటు.

ప్రపంచం విన్నది

1968లో వెండీ కార్లోస్ అనే సంగీతవేత్త పద్దెనిమిదో శతాబ్దపు బాఖ్ కృతులను మోగ్ యంత్రం మీద వాయించి ఒక రికార్డు విడుదల చేశారు. ఆ యంత్రం ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. కాబట్టి ఒక్కో వరుసనూ విడివిడిగా రికార్డు చేసి కలపాలి. మధ్యలో శ్రుతి తప్పితే మళ్ళీ మొదటికి రావాలి. అంత ఓపికగా చేసిన ఆ రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడుపోయి మూడు గ్రామీ అవార్డులు తెచ్చుకుంది. కీబోర్డులో ఏం మార్చాలో కార్లోస్ చెబుతుంటే మోగ్ మార్చుతూ వచ్చారు.

మన దేశానికి కూడా ఆ యంత్రం త్వరగానే వచ్చింది. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మోగ్ సింథసైజర్‌తో ఒక స్టూడియో ఏర్పాటు చేశారు. గీతా సారాభాయి, అతుల్ దేశాయి, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపుర వంటివారు అక్కడ ప్రయోగాలు చేశారు. ఆ టేపులు ఎన్నో ఏళ్ళు సంస్థ భాండాగారంలో ఉండిపోయి ఈ మధ్య కాలంలో వెలుగు చూశాయి.

1970లో మినీమోగ్ వచ్చింది. మోగ్ దగ్గర పనిచేసే బిల్ హెమ్సాత్ మిగిలిపోయిన విడిభాగాలతో మొదటి నమూనా కట్టారు. గోడంత యంత్రం సూట్‌కేసంత అయింది. మూడు ఆసిలేటర్లు, 44 మెట్లు. ఎడమ పక్కన ఒక చక్రం పెట్టారు. దాన్ని వేలితో కదిపితే స్వరం పైకీ కిందికీ జారుతుంది. మన హార్మోనియం ఆ పని చేయలేకనే కదా 1940లో ఆకాశవాణి దాన్ని దూరం పెట్టింది. మెట్ల వాద్యానికి జారుడు నేర్పిన ఆ చక్రం ఇప్పుడు దాదాపు ప్రతి కీబోర్డు మీదా ఉంది. మన పెళ్ళి కచేరీల్లో, భజన మండలిలో కీబోర్డు వాయించేవారి ఎడమ చెయ్యి చూడండి, తెలుస్తుంది.

మినీమోగ్‌కు లోపాలు లేకపోలేదు. ట్రాన్సిస్టర్లకు వేడి తగిలితే శ్రుతి కదిలిపోయేది. మృదంగ విద్వాంసుడు కచేరీ మధ్యలో రాయితో తట్టి శ్రుతి సరిచేసుకున్నట్టు, వాళ్ళూ వేదిక మీదే నాబులు తిప్పుకునేవారు. అయినా 1981 వరకు పన్నెండు వేలకు పైగా అమ్ముడుపోయాయి.

పేరు పోయింది

ఇక్కడినుంచి కథ మరోలా నడుస్తుంది. మోగ్‌కు సర్క్యూట్లు తెలుసు కానీ జమాఖర్చులు తెలియవు. ఆర్డర్లు ఒకసారి ముంచుకొస్తాయి, మరోసారి అసలే ఉండవు. జీతాలు ఇవ్వాలి, సామాను కొనాలి. పోటీగా కొత్త కంపెనీలు వచ్చాయి. అప్పులు పెరిగాయి. 1971లో కంపెనీ వేరేవారి చేతికి వెళ్ళింది. ట్రూమన్స్‌బర్గ్ దుకాణం మూసి బఫెలో దగ్గరికి మార్చారు. రెండేళ్ళకు అది నార్లిన్ అనే పెద్ద సంస్థకు వెళ్ళింది. మోగ్ అక్కడ ఉద్యోగిగా మిగిలారు. తన పేరుతో వస్తున్న వాద్యాల మీద ఆయన మాటకు బలం తగ్గుతూ పోయింది. ఒప్పందం గడువు అయ్యేదాకా ఉండి, 1977లో బయటికి వచ్చేశారు. పేరు మాత్రం వెంట రాలేదు. తండ్రి ఇచ్చిన ఇంటిపేరు కంపెనీ ఆస్తి అయిపోయింది. ఆ పేరుతో ఆయన వాద్యం అమ్ముకునే వీలు లేదు.

ఈ భాగం చదివినప్పుడు నేను కాసేపు ఆగాను. మన వాళ్ళ పేర్ల సంగతి గుమాస్తాగా నాకు బాగా తెలుసు. ఇంటిపేరు రేషను కార్డులో ఒక రకంగా, ఓటరు జాబితాలో మరో రకంగా, పిల్లల మార్కుల పట్టీలో ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. దిద్దించుకోవడానికి కౌంటరు దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళను ఎంతోమందిని చూశాను. పోయింది ఒక అక్షరమే కదా అని పక్కవాళ్ళకు అనిపిస్తుంది. పోగొట్టుకున్నవాడికి అది ఒక అక్షరంతో పోదు.

మోగ్ పేరు కోసం పని ఆపలేదు. 1978లో కుటుంబంతో ఉత్తర కరొలినా రాష్ట్రంలో ఆష్‌విల్ దగ్గర కొండ ప్రాంతానికి వెళ్ళి, బిగ్ బ్రయర్ అనే పేరుతో చిన్న పనిశాల పెట్టారు. మధ్యలో నాలుగేళ్ళు కర్జ్‌వైల్ కంపెనీలో ఉద్యోగం చేశారు. ఆష్‌విల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. ఈలోగా కంప్యూటరు చిప్పులతో నడిచే డిజిటల్ కీబోర్డులు వచ్చి పాత వాద్యాలను పక్కకు నెట్టాయి. పాత మోగ్ కంపెనీ కూడా 1980లలోనే మూతపడింది. ఆయన మాత్రం చిన్ననాటి థెరమిన్ దగ్గరికే తిరిగి వచ్చారు. 1990లలో ఈథర్‌వేవ్ అనే థెరమిన్‌ను తయారు చేసి, కట్టినదీ అమ్మారు, కిట్టుగానూ అమ్మారు. పదిహేనేళ్ళప్పుడు చేసిన పనే అరవై దాటాక మళ్ళీ చేశారు. ఆ కాలంలో ఆసక్తిగలవారు పాత వాద్యాలను వెతికి కొనుక్కోవడం, నిచ్చెన ఫిల్టర్‌ను సొంతంగా బోర్డుల మీద కట్టుకోవడం మొదలైంది. అప్పటికే పేటెంటు గడువు తీరింది కాబట్టి ఎవరైనా కట్టుకోవచ్చు.

2001లో స్వీడన్‌వారి పోలార్ సంగీత పురస్కారం ఆయనకు వచ్చింది. 2002లో కోర్టు వ్యవహారాలు తేలాక సొంత పేరు కూడా తిరిగి చేతికి వచ్చింది. ఇరవై అయిదేళ్ళు పట్టింది. బిగ్ బ్రయర్ మళ్ళీ మోగ్ మ్యూజిక్ అయింది. కొత్త మినీమోగ్ తయారు చేశారు. ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. 2005 వసంతంలో మెదడులో కణితి ఉన్నట్టు తెలిసింది. అదే ఏడు ఆగస్టు 21న, 71 ఏళ్ళ వయసులో ఆష్‌విల్‌లో కన్నుమూశారు. ఆయన పేరుతో కుటుంబంవారు పెట్టిన ఫౌండేషన్ పిల్లలకు శబ్దశాస్త్రం నేర్పుతోంది. కంపెనీ 2023లో మరో సంస్థ చేతికి వెళ్ళింది. పేరు మళ్ళీ చేతులు మారింది కానీ ఆ నిచ్చెన పటం మాత్రం ఇప్పుడు అందరిదీ.

మన పిల్లల కోసం

ఈ జీవితంలో మనకు పనికివచ్చేది ఏమిటని నన్ను అడిగితే ఒక్క సంగతి చెబుతాను. మోగ్ తాను నేర్చింది దాచుకోలేదు. పటం గీసి పత్రికలో వేశారు, సామాను మూటగట్టి పంపారు. ఎవరో ఒక సంగీతం మాస్టారు కట్టుకున్న కిట్టే తిరిగి వచ్చి ఆయన తలుపు తట్టింది. కంపెనీ పోయినా, పేరు పోయినా, ఇతరుల చేతికి నేర్పిన పని మాత్రం పోలేదు. పొరుగు రాష్ట్రాల్లో తరతరాలుగా ఉంటున్న మన భాష సంగతి కూడా అంతే అనుకుంటాను. కాగితంలో పేరు సరిగ్గా ఉండాలని మనం అర్జీలు పెట్టాలి, పెడుతూనే ఉండాలి. దాంతోపాటు పిల్లవాడి చేతికీ నోటికీ ఏదో ఒకటి నేర్పి పంపాలి.

ఇళ్ళలో కిట్టు కట్టాలనుకునే పిల్లలకు మా కుర్రవాడు చెప్పమన్న జాగ్రత్తలు ఇవి. మొదటిసారికి కొద్ది భాగాలున్న బ్యాటరీ కిట్టే తీసుకోండి, గోడ ప్లగ్గుతో నడిచేది వద్దు. సామాను జాబితాతో సరిచూసుకున్నాకే ఐరన్ వేడి చేయండి. పొట్టి భాగాలు ముందు, పొడుగువి తరువాత అతికించండి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు, డయోడ్‌కు, ట్రాన్సిస్టర్‌కు, చిప్పుకు తలా తోకా ఉంటాయి, తిరగబెట్టకూడదు. ఐరన్‌ను ముందు అతుకుకు తగిలించి, తరువాత సోల్డర్ అందించండి. కిటికీ తెరిచి, పొగ ముఖానికి రాకుండా చూసుకోండి. పని అయ్యాక చేతులు కడుక్కోండి. చప్పుడు రాకపోతే నిరాశ పడకుండా ఒక్కొక్క అతుకూ చూడండి.

మా సంఘం గదిలో ఆ పెద్ద బల్ల ఇప్పుడు ఆదివారం పొద్దున తెలుగు తరగతికి, మధ్యాహ్నం సోల్డరింగ్‌కు ఇచ్చాం. గుణింతం నేర్చుకునే చిన్నపిల్లలు నలుగురు మధ్యాహ్నం కూడా ఉండిపోతున్నారు. వాళ్ళ పెట్టె మీద బాల్ పెన్నుతో ఎవరి పేరు వాళ్ళు, ఇంటిపేరుతో సహా, తెలుగులో రాసుకున్నారు.